రిపోర్టులో లేని ఆ ఒక్క గడి

తాగునీటి శాఖల్లో బాధ్యత మోస్తున్న అధికారులకు, బోరు ఎక్కడ దించాలో తేల్చే ఇంజినీర్లకు, నీటి పరీక్షల ల్యాబ్‌లు నడిపే పెద్దలకు నమస్కారం.

నేను చాలా ఏళ్లు నీటి పరీక్షల ల్యాబ్‌లో కెమిస్టుగా పనిచేశాను. జనం సీసాలో నీళ్లు పట్టుకొచ్చి కౌంటర్ దగ్గర ఒకటే అడిగేవాళ్లు: "ఈ నీళ్లు తాగొచ్చా అండీ?" మేం ఒక కాగితం చేతిలో పెట్టేవాళ్లం. పీహెచ్ ఎంత, కాఠిన్యం ఎంత, క్లోరైడ్లు, నైట్రేట్లు, ఫ్లోరైడ్ ఎంత, మలం కలిసిందని చెప్పే ఈ-కోలి క్రిమి ఉందా లేదా. అన్నీ హద్దులో ఉంటే కింద ముద్ర పడేది: 'తాగుటకు యోగ్యము'. ఆ కాగితంలో ఆర్సెనిక్ అనే విషానికి గడి ఉండేది కాదు. పరీక్షించే పరికరం మా దగ్గర లేదు, ఫారంలో లేదు, పైనుంచి ఎవరూ అడగలేదు. వచ్చినవాళ్లకు ఆ సంగతి తెలియదు. మేం చూడనిదానికి కూడా ఆ ముద్ర పూచీ పడింది. అలాంటి కాగితాల మీద నా సంతకాలున్నాయి. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

ఆర్సెనిక్ మన భాషకు కొత్త కాదు. దాని పాత పేరు పాషాణం. తెల్లటి పొడిని శంఖపాషాణం అన్నారు, ఖనిజాలను తాళకం, మణిశిల అన్నారు. మందుల్లో వాడారు, ఎలుకల్ని చంపడానికి వాడారు, మనుషుల్ని చంపడానికీ వాడారు. రంగు, రుచి, వాసన ఏవీ లేకుండా తిండిలో కలిసిపోతుంది కాబట్టే హంతకులు దాన్ని ఎంచుకున్నారు. 1836లో జేమ్స్ మార్ష్ అనే ఇంగ్లండ్ కెమిస్టు శవంలో రవ్వంత ఆర్సెనిక్ ఉన్నా బయటపెట్టే పరీక్ష కనిపెట్టాక వాళ్లకు తప్పించుకోవడం కష్టమైంది. అంటే దీన్ని పసిగట్టే విద్య మన చేతికొచ్చి దాదాపు రెండు వందల ఏళ్లయింది. ఒక మనిషి ఇంకో మనిషికి పెట్టిన విషాన్ని పట్టుకోవడానికి అంత తాపత్రయపడ్డాం. కోట్లమంది రోజూ బిందెల్లో పట్టుకెళ్లే విషం దగ్గరికొచ్చేసరికి ఆ తాపత్రయం ఏమైంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కనీసం 70 దేశాల్లో 14 కోట్ల మంది హద్దుకు మించిన ఆర్సెనిక్ ఉన్న నీళ్లు తాగుతున్నారు. ఆ హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. అంటే లక్ష లీటర్ల నీటిలో ఒక్క గ్రాము.

ఈ విషాన్ని ఎవరూ పనిగట్టుకుని కలపరు. కొన్ని చోట్ల గనుల తవ్వకాలు, ఫ్యాక్టరీల వ్యర్థాలు కారణమవుతాయి గానీ, ఎక్కువమందికి చేటు చేస్తున్నది భూమిలో సహజంగా ఉన్నదే. నదులు కొండల్ని కోసుకుంటూ తెచ్చిన ఒండ్రులో ఇసుక రేణువుల మీద ఇనప తుప్పులాంటి పల్చని పొర ఉంటుంది. ఆర్సెనిక్ ఆ పొరను అంటిపెట్టుకుని ఉంటుంది. అలా ఉన్నంతకాలం ఎవరికీ హాని లేదు. ఒండ్రుతో పాటు పూడిపోయిన ఆకూ అలమూ కుళ్లుతున్నప్పుడు అక్కడి సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. అది అయిపోయాక ఆ తుప్పు మీద పడతాయి. తుప్పు కరుగుతుంది, దానితో ఆర్సెనిక్ నీళ్లలోకి జారుతుంది. గంగా, బ్రహ్మపుత్ర నదుల మైదానాల్లో, వియత్నాంలోని రెడ్ రివర్ తీరంలో, కంబోడియాలో మెకాంగ్ పక్కన జరిగింది ఇదే. చిలీ, అర్జెంటీనాల్లో మూలం వేరు, అక్కడ అగ్నిపర్వతాల నుంచి వచ్చిన రాళ్లు, బూడిద.

ఈ రసాయనం కథ ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఒండ్రు అన్నిచోట్లా ఒకేలా పేరుకోదు. ఒకచోట ఇసుక, నాలుగు అడుగుల అవతల బంకమన్ను, ఇంకాస్త లోతున మళ్లీ వేరే ఇసుక. అందువల్ల ఒక బోరులో 200 మైక్రోగ్రాములు ఉండి, పక్కింటి బోరులో 5 కూడా లేకపోవచ్చు. ఒక ఊళ్లో రెండు శాంపిళ్లు తీసి ఊరంతటికీ ఒక అంకె రాయడం మన అలవాటు. ఫ్లోరైడ్ విషయంలో ఆ అంకె కొంతవరకు ఊరి పరిస్థితి చెబుతుందేమో. ఆర్సెనిక్ విషయంలో అది దాదాపు పనికిరాని కాగితం. ఏ బోరుకు ఆ బోరే పరీక్షించాలి, వేరే దారి లేదు.

బంగ్లాదేశ్‌లో ఏం జరిగిందో మీలో చాలామందికి తెలుసు. అయినా మళ్లీ చెబుతాను, ఎందుకంటే అక్కడ తప్పు చేసినవాళ్లంతా మంచి ఉద్దేశంతోనే చేశారు. చెరువుల నీళ్లు తాగి పిల్లలు కలరా, విరేచనాలతో చనిపోతుంటే 1970ల నుంచి ప్రభుత్వం, యూనిసెఫ్ కలిసి చేతిపంపులు వేయించాయి. భూగర్భజలంలో క్రిములు ఉండవు కాబట్టి అది మంచి నీరన్నారు. జనం కూడా నమ్మారు, సొంత డబ్బుతో లక్షల పంపులు దింపుకున్నారు. క్రిముల లెక్కలో అది నిజంగానే మంచి నీరు. ఆర్సెనిక్ ఉందేమోనని మాత్రం ఎవరూ చూడలేదు. సరిహద్దుకు ఇవతల 1983లోనే కోల్‌కతాలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవైద్యుడు కె.సి. సాహా తన దగ్గరకొచ్చిన పల్లెల రోగుల మచ్చలకు కారణం చేతిపంపు నీళ్లేనని గుర్తించారు. బంగ్లాదేశ్‌లో నీటిలో ఆర్సెనిక్ బయటపడింది 1993లో. ఒకే నేల, ఒకే ఒండ్రు, మధ్యలో పదేళ్లు. ఆ పదేళ్లూ పంపులు వేస్తూనే ఉన్నారు.

2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అలన్ స్మిత్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు దీన్ని చరిత్రలోకెల్లా అతిపెద్ద సామూహిక విషప్రయోగం అని రాశారు. అప్పటి 12.5 కోట్ల జనాభాలో మూడున్నర కోట్ల నుంచి 7.7 కోట్ల మంది వరకు ముప్పులో ఉన్నారని వాళ్ల అంచనా.

ఇందులో నన్ను ఇప్పటికీ కలవరపెట్టే ఘట్టం ఒకటుంది. 1992లో బ్రిటిష్ జియలాజికల్ సర్వే అనే బ్రిటన్ భూవిజ్ఞాన సంస్థ అక్కడ 150 బావుల నీటిని పరీక్షించింది. ఎన్నో మూలకాలు కొలిచారు, ఆర్సెనిక్ కొలవలేదు. తర్వాత ఒక బాధితుడు లండన్ కోర్టులో దావా వేశాడు. కేసు అప్పట్లో బ్రిటన్‌లో చివరి అప్పీలు వినే హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి 2006లో వీగిపోయింది. ఆ నీటి సరఫరా మీద ఆ సంస్థకు అదుపు లేదు, కాబట్టి తాగినవాళ్ల పట్ల చట్టపరమైన బాధ్యత లేదన్నది తీర్పు సారం. న్యాయపరంగా అది సరైనదే కావచ్చు, నేను లాయర్‌ని కాను. కానీ అయ్యా, ఆ తీర్పును తిరగేసి చదవండి. మీకు అదుపు ఉంది. బోరు ఎక్కడ వేయాలో మీరే చెబుతారు, ఎంత లోతో మీరే రాస్తారు, ఏమేం పరీక్షించాలో ఫారం మీరే తయారు చేస్తారు. ఆ సంస్థకు దొరికిన సాకు మీకు దొరకదు.

ఇక ఈ నీళ్లు ఒంట్లోకి వెళ్లాక ఏమవుతుందో చెప్పాలి. మొదటి చిక్కు ఏమిటంటే చాలాకాలం ఏమీ కాదు. నీళ్లు తేటగా ఉంటాయి, చల్లగా ఉంటాయి, దాహం తీరుతుంది. చర్మం మీద గుర్తులు కనబడటానికే సాధారణంగా అయిదేళ్లకు తక్కువ పట్టదు. మొదట ఛాతీ మీద, వీపు మీద వాన చినుకులు పడ్డట్టు నల్లని, తెల్లని మచ్చలు. తర్వాత అరచేతులు, అరికాళ్లు గరుకెక్కి చిన్న చిన్న కాయలు కాస్తాయి. పనిచేసే చేతులకు కాయలు మామూలేననుకుని ఎవరూ పట్టించుకోరు. పట్టించుకున్నచోట మరో నరకం. కుష్ఠు అనుకుని దూరం పెట్టారు, అంటువ్యాధి అనుకుని పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు, మచ్చలున్న అమ్మాయిల పెళ్లిళ్లు ఆగిపోయాయి. ఆర్సెనిక్ జబ్బు అంటుకునేది కాదు. ఈ ఒక్క మాట మీ శాఖ నుంచి ఊరి గోడ మీదికి వచ్చినా ఎన్నో ఇళ్లు కుదుటపడతాయి.

చర్మం మీద కనబడేది పైపైన కథ. చర్మం, ఊపిరితిత్తులు, మూత్రాశయం, ఈ మూడు చోట్ల తాగునీటి ఆర్సెనిక్ క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎలాంటి సందేహం లేకుండా తేల్చింది. గుండె జబ్బు, రక్తనాళాల జబ్బు, మధుమేహంతో కూడా సంబంధం కనబడింది. తైవాన్ నైరుతి తీరంలో లోతు బావుల నీళ్లు తాగినవాళ్ల కాళ్లకు రక్తం ఆడక, వేళ్లు నల్లబడి కుళ్లిపోయేవి. దానికి 'బ్లాక్‌ఫుట్' అని పేరు పెట్టారు. గర్భిణి తాగితే మాయను దాటి బిడ్డకు చేరుతుంది. కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో తగిలిన ఆర్సెనిక్ ఆ పిల్లల తెలివితేటల ఎదుగుదల మీద, పెద్దయ్యాక వాళ్ల ఊపిరితిత్తుల మీద ప్రభావం చూపుతుంది.

చిలీలోని ఆంటోఫగాస్టా నగరం గురించి చదివినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 1958లో ఆ ఊరికి నీళ్లు చాలక కొత్త నది నుంచి పైపులైను వేశారు. ఆ నీటిలో లీటరుకు 800 మైక్రోగ్రాములకు పైగా ఆర్సెనిక్. 1970లో శుద్ధి ప్లాంటు పెట్టడంతో ఒక్కసారిగా తగ్గింది. మొత్తం పన్నెండేళ్లు. కానీ ఊపిరితిత్తులు, మూత్రాశయం క్యాన్సర్ మరణాలు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పెరుగుతూ పోయాయి, నలభై ఏళ్లు గడిచినా మామూలు స్థాయికి దిగలేదు. నీళ్లు బాగుపడినప్పుడు చంకలో ఉన్న పిల్లలు నడివయసులో ఆ పన్నెండేళ్ల బాకీ తీర్చారు. ఒక అధికారి ఉద్యోగకాలం ముప్పై, ముప్పై అయిదేళ్లు అనుకుందాం. ఈ రోజు మీరు వదిలేసిన బోరు ఫలితం మీ రిటైర్మెంట్ తర్వాత ఏ క్యాన్సర్ ఆసుపత్రి రిజిస్టర్‌లోనో రాస్తారు. ఆ రిజిస్టర్‌లో ఆ బోరు నంబరు ఉండదు. మీ దాకా ఫిర్యాదు రాకపోవడానికి కారణం ఇదే. ఫిర్యాదు వచ్చాక చూద్దామనుకునే పద్ధతి ఈ విషం దగ్గర పనిచేయదు.

"మా దగ్గర 50 లోపే ఉంది" అని మీలో కొందరు అంటారని తెలుసు. హద్దు ఎలా మారుతూ వచ్చిందో చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1958లో 200 మైక్రోగ్రాములు అంది, 1963లో 50 అంది, 1993లో 10కి తెచ్చింది. నీటిలో మార్పేమీ లేదు, మనకు తెలిసింది పెరిగింది అంతే. 50 దగ్గర మొత్తం క్యాన్సర్ ముప్పు వందలో ఒకరి దాకా ఉండవచ్చని 1999లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ చెప్పింది. ఆ తర్వాతే ఆ దేశం 10కి దిగింది. బంగ్లాదేశ్‌లోని అరాయిహజార్‌లో దాదాపు 12 వేల మందిని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధన 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అక్కడి మరణాల్లో సుమారు అయిదో వంతు, 10కి మించిన ఆర్సెనిక్ వల్ల జరిగినవేనని తేలింది. ఆ 10 కూడా పూర్తి క్షేమమని గీసిన గీత కాదు. కొలవడానికి, తొలగించడానికి వీలైనంత మేరకు పెట్టుకున్న తాత్కాలిక హద్దు. డెన్మార్క్ 5కి తగ్గించుకుంది.

ఇంత చెప్పాక పరిష్కారం లేదేమో అనిపిస్తుంది. ఉంది. మీకు రాసేది కూడా అందుకే. ఈ జబ్బుకు నిరూపితమైన మందు లేదు గానీ, ఆ నీళ్లు మానేస్తే ఒంట్లో చేరేది వెంటనే ఆగుతుంది. మూత్రంలో ఆర్సెనిక్ కొద్ది రోజుల్లోనే పడిపోవడం మొదలవుతుంది. తొలిదశలో ఉన్న మచ్చలు కొందరికి తగ్గుముఖం పడతాయి. అంటే మొదటి చికిత్స డాక్టరు చేతిలో లేదు, మీ చేతిలో ఉంది.

బోరుకూ బోరుకూ తేడా ఉంటుందన్న ఆ చిక్కే ఇక్కడ మనకు ఆసరా. పక్క బోరు మంచిదైతే ఆ బోరుకు మారితే చాలు. బంగ్లాదేశ్‌లో దాదాపు 50 లక్షల పంపులను ఫీల్డ్ కిట్లతో పరీక్షించి, 50 దాటినవాటికి ఎర్ర రంగు, మిగతావాటికి ఆకుపచ్చ రంగు పూశారు. సుమారు 14 లక్షలకు ఎరుపు పడింది. చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యే పద్ధతి. తమ పంపు ఎర్రనిదని తెలిసిన కుటుంబాల్లో చాలామంది ఇంకొకరి పంపుకు నడిచారు. ఫిల్టర్లు, ప్లాంట్ల కంటే ముందు లక్షలమందికి మేలు చేసింది ఆ రంగు డబ్బా. అయితే రంగు కొన్నేళ్లకు వెలిసిపోయింది. ఆ తర్వాత వేసిన కొత్త పంపుల్లో చాలావాటి దగ్గరికి ఏళ్ల తరబడి కిట్ పట్టుకుని ఎవరూ వెళ్లలేదు. లోతు బోర్లు వేసేటప్పుడు అవసరమున్న వీధిలో కాకుండా పలుకుబడి ఉన్నవాళ్ల వాకిట్లో పడ్డాయని 2016లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ రాసింది. మొదలుపెట్టినవాళ్ల గొప్పతనం, వదిలేసినవాళ్ల నిర్లక్ష్యం, రెండూ అక్కడే ఉన్నాయి.

ఫీల్డ్ కిట్ పెద్ద యంత్రమేమీ కాదు. సీసాలో నీళ్లు పోసి జింక్ పొడి, ఆమ్లం వేస్తే ఆర్సెనిక్ వాయువుగా పైకొస్తుంది. మూతలోని తెల్ల కాగితం దానికి తగిలి, ఆర్సెనిక్ ఎంతుందో దాన్ని బట్టి లేత పసుపు నుంచి గోధుమ రంగు దాకా మారుతుంది. రంగుల చార్టుతో పోల్చుకోవాలి. అరగంట, అంతకంటే తక్కువలోనే పని అయిపోతుంది. 10 దగ్గర, 50 దగ్గర అటూ ఇటూ పొరపాటు వస్తుంది, కాబట్టి అనుమానం ఉన్న శాంపిళ్లను పెద్ద ల్యాబ్‌కు పంపాలి. అయినా 300 ఉన్న బోరును 5 అనుకునే పొరపాటు, జాగ్రత్తగా చేసినవాళ్ల చేతిలో, జరగదు. ముందు ఆ 300 బోరును పట్టుకుందాం.

ప్లాంట్ల గురించి ఒక మాట. ఇనుము లవణాలతో పేరబెట్టి తీయవచ్చు, ఇనుము ఆక్సైడ్ మీదుగానో యాక్టివేటెడ్ అల్యూమినా మీదుగానో వడపోయవచ్చు, ఆర్‌ఓ పెట్టవచ్చు. భూగర్భజలంలో ఆర్సెనిక్ ముఖ్యంగా ఆర్సెనైట్, ఆర్సెనేట్ అనే రెండు రూపాల్లో ఉంటుంది. అందులో ఆర్సెనైట్ ఈ పద్ధతులకు సరిగా చిక్కదు. ముందు క్లోరిన్ లాంటిదానితో దాన్ని ఆర్సెనేట్‌గా మార్చాలి. టెండర్ పత్రంలో ఈ మెట్టు ఉందో లేదో దయచేసి చూడండి. ఇంకా ముఖ్యం, ప్రారంభోత్సవం రోజున ప్లాంటు నుంచి వచ్చిన నీళ్లను ఎవరైనా పరీక్షిస్తారు. వడపోత పదార్థం నిండిపోయాక వచ్చే నీళ్లను ఎవరు పరీక్షిస్తున్నారు? నిండిపోయిన ఫిల్టర్ నీళ్లు కూడా అంతే తేటగా ఉంటాయి. మార్చి తీసేసిన ఆ పదార్థం, అడుగున చేరిన బురద విషమే. వాటిని కాలువ పక్కన పోస్తే మళ్లీ మొదటికే వస్తాం.

జనానికి చెప్పాల్సినవి కూడా మీరే చెప్పాలి, గట్టిగా చెప్పాలి. కాచితే క్రిములు చస్తాయి, ఆర్సెనిక్ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్, యూవీ దీపం దీన్ని ఆపలేవు. స్నానానికి, బట్టలకు వాడితే పెద్ద ప్రమాదం లేదు, తాగడానికి, వంటకు వాడకూడదు. ఈ చివరి మాట చెప్పకపోతే జనం రెండు విధాలుగా నష్టపోతారు. కొందరు హడలిపోయి ఆ బోరును పూర్తిగా వదిలేసి, మళ్లీ క్రిములున్న చెరువు నీళ్లకు వెళతారు. మరికొందరు తాగడం ఒక్కటి మానేసి వంట దానితోనే చేసుకుంటారు.

"ఫలితాలు చెబితే జనంలో టెన్షన్ పుడుతుంది" అని ఒక మీటింగ్‌లో నాతో ఒక పెద్దాయన అన్నారు. నేనప్పుడు తలూపి ఊరుకున్నాను. ఇప్పుడైతే ఊరుకోను. తెలియని మనిషికి టెన్షన్ ఉండదు నిజమే, రోజుకు రెండు మూడు లీటర్ల చొప్పున తాగుతూనే ఉంటాడు. తెలిసిన మనిషి పది ఇళ్ల అవతలి పంపుకు బిందె పట్టుకుని నడుస్తాడు. ఫలితాన్ని ఫైల్లో పెట్టే హక్కు మనకు ఎవరిచ్చారు? ఆ నీళ్లు మన గొంతులోకి వెళ్లడం లేదు కదా.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. మీ పరిధిలో జనం తాగే ప్రతి బోరునూ, సొంతదైనా సర్కారుదైనా, ఒక్కసారైనా ఆర్సెనిక్‌కు పరీక్షించండి. ఒండ్రు నేలల్లో, గనుల దగ్గర ముందు మొదలుపెట్టండి. ఫలితం బోరు మీదే రాయించండి, పరీక్షించిన తేదీతో సహా. కొన్నేళ్లకోసారి మళ్లీ వెళ్లండి, ఎందుకంటే పక్కన ఎక్కువ తోడితే నీటి దారి మారుతుంది, నిన్నటి మంచి బోరు రేపటికి మంచిది కాకపోవచ్చు. కొత్త బోరుకు అనుమతి ఇచ్చేటప్పుడే పరీక్ష షరతు పెట్టండి. ఎరుపు తేలినచోట మీ ఫైలును ఆరోగ్య శాఖకు పంపండి. అక్కడి డాక్టరు చేతులు, కాళ్లు చూసి, "మీరు ఏ పంపు నీళ్లు తాగుతారు?" అని అడిగేలా చూడండి.

ఇవన్నీ రేపే కావని నాకు తెలుసు. బడ్జెట్ రావాలి, మనుషులు కావాలి, కిట్లు కొనాలి. రేపే కాగలిగింది ఒకటుంది, దానికి పైసా అక్కర్లేదు. రేపు ఉదయం కూడా ఎవరో ఒకరు సీసాతో మీ కౌంటర్ దగ్గరికి వస్తారు, తాగొచ్చా అని అడుగుతారు. ఆ కాగితంలో ఆర్సెనిక్ అని ఒక గడి గీయించండి. పరికరం వచ్చేదాకా అందులో 'పరీక్షించలేదు' అని రాయించండి. ఆ మాట రాసినన్నాళ్లూ 'తాగుటకు యోగ్యము' అనే ముద్రను సొరుగులో పెట్టి తాళం వేయండి.

ఇట్లు,
ఆ ముద్ర కింద సంతకాలు పెట్టిన ఒక పాత కెమిస్టు